తల తిప్పిన తాత

మా అమ్మ తన తాత ముఖం చూడలేదు. ఆమె పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఆయన బొమ్మ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక కథ. తిరుమంగళం నుంచి మదురై గుడికి పూలు మోసుకెళ్ళే ఆయన్ని ఎవరో దొర ఆపాడట. యాళిని, అదే కోరల సింహంలాంటి మృగాన్ని, చెక్కిన స్తంభం ఎంత ఎత్తో తెలియాలని పక్కన నిలబెట్టి ఫోటో తీశాడట.

"నా చూపు పోయేలోగా ఆ పడం ఒక తూరి చూపించవే అమ్మిణీ," అని అమ్మ ప్రాణం తోడేసేది.

"ఎక్కడని వెతకనమ్మా? ఆ దొర ఏ దేశం పట్టుకుపోయాడో!" అని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే వెతికేదాన్ని. నాకూ చూడాలని ఉండేది మరి.

కిందటి నెల కోయంబత్తూరులో పాత గుడి ఫోటోల ప్రదర్శన పెడితే, మిల్లులో సెలవు పెట్టి వెళ్ళాను. గోపురాలు, ప్రాకారాలు, మనిషి జాడ లేని మండపాలు. ఒకచోట కాళ్ళు ఆగిపోయాయి. యాళి స్తంభం, దాని కింద పూలబుట్ట, బుట్ట పక్కన ఒక మనిషి. యాళి కోరలు తేటగా ఉన్నాయి. మనిషి పాదాలూ తేటగానే ఉన్నాయి. మెడ పైన మాత్రం పొగ. ఆ రోజుల్లో ఫోటో పడేదాకా కదలకూడదట, కదిలితే చెరిగిపోయేదట. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఫోనులో తీసి, పెద్దదిగా వేయించి, ఆదివారం తిరుమంగళం తీసుకెళ్ళాను. అమ్మ కళ్ళకు ఆనించుకుని చూసింది.

"మొగం ఏదే?"

"కదిలాడమ్మా. కాసేపు ఊరికే నిలబడితే మహానుభావుడి సొమ్మేం పోయిందో!"

"అట్లనకు. లోపల గంట కొట్టింటారు. గంట కొడితే సామి దిక్కు తిరగకుండా ఎట్ల ఉంటాడు? పాపం, దొరకేం తెలుసు?"

అంటూనే ఆ పొగను వేలితో తుడిచింది. తుడిస్తే వస్తుందేమోనని మళ్ళీ తుడిచింది. "మాయమ్మ కూడా తనను కన్న అప్పను చూడాలని ఏడ్చి ఏడ్చి పోయిందే," అంది.

ఆ కాగితం పట్టుకున్న అమ్మను ఫోటో తీద్దామని ఫోను ఎత్తాను. సరిగ్గా నొక్కేసరికి వీధి చివర గుడిలో మధ్యాహ్నం గంట మోగింది. అమ్మ చటుక్కున అటు తిరిగి చేతులు జోడించింది. ఫోటోలో నెరిసిన కొప్పు, ఒక చెవి పడ్డాయి. ముఖం లేదు. తాతది పోతే పోయింది, అమ్మ ముఖమైనా నాకు మిగలాలి కదా!

"అమ్మా, ఇటు చూడవే ఒక్కసారి."

"ఉండవే, హారతి కానీ."

ఫోను దించకుండా అలాగే నిలబడ్డాను.