శని చందమామ, రంగప్ప మూడో బోరు

2006 ఎండాకాలం. పత్తికొండ దగ్గర ఒక పల్లెలో రంగప్ప అనే రైతు చేనికి వెళ్లాను. ప్రభుత్వ జియాలజిస్టుగా నా పని బోరు ఎక్కడ వేయాలో చెప్పడం. ఎక్కువసార్లు, వేయొద్దని చెప్పడం. రంగప్ప రెండు బోర్లూ ఎండిపోయాయి. మూడోది వేయాలంటే ఎద్దుల జత అమ్మాలి.

రెసిస్టివిటీ మీటరు పెట్టాం. నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి కరెంటు పంపితే, లోపలి రాయి దాన్ని ఎంత అడ్డుకుంటుందో అది చూపిస్తుంది. నీళ్లున్న పగుళ్లుంటే అడ్డు తగ్గుతుంది. ఆ చేనులో ఎక్కడా తగ్గలేదు.

"అంతా గట్టి రాయి. వద్దు రంగప్పా."

"టెంకాయతో నీళ్లు సూసే ఆయప్ప ఈశాన్యంలో ఉండాయన్నాడు సార్. ఏలినాటి శని గదా, అందుకే పైకి రావంట."

అక్కడితో లేచి రావలసింది. జాతకాల మీద సభల్లో కొట్లాడి అలవాటైన నోరు ఊరుకోలేదు. పుల్లతో మట్టిలో పెద్ద గుండ్రం, పక్కన చిన్న చుక్క గీశాను. ఆమధ్యే పత్రికల్లో చదివిన సంగతి చెప్పాను. శనిగ్రహం చుట్టూ ఎన్సెలాడస్ అనే చిన్న చందమామ తిరుగుతోంది. పైనంతా మంచు పెంకు. దక్షిణ ధ్రువం దగ్గర పొడుగాటి పగుళ్లు. వాటిలోంచి నీటి ఆవిరి, మంచు పొడి చిమ్ముతున్నాయి. శని ఆకర్షణ దాన్ని పిసికి వదులుతూ ఉంటుంది. ఆ రాపిడికి లోపల వేడి పుట్టి మంచు కరుగుతుంది.

"శని ఒక గ్రహం రంగప్పా. దానికి నీ చేను సంగతి తెలియదు."

"నన్నూ పిసుకుతానే ఉండాడు సార్, ఏడేండ్ల నుంచి. నీళ్లు కండ్లల్లోనే వస్తాండాయి."

చుట్టూ చేరిన ఊరివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాదం గెలిచాననుకున్నాను.

నెల తర్వాత అదే దారిలో వెళ్తూ ఆగాను. ఎద్దుల కొట్టం ఖాళీ. చేని ఈశాన్య మూలన కొత్త బోరు గుంత, చుట్టూ తడి తగలని రాతిపొడి కుప్ప. పక్కన నూనె మరక, నల్లనువ్వులు.

"వద్దన్నాను కదా?"

రంగప్ప భార్య సుంకమ్మ జవాబిచ్చింది. "మీరే చెప్తిరంట గదా సార్, శనేశ్వరుడు పిసికితే నీళ్లు చిమ్ముతాయని. శనివారం నూనె పోసి బోరు ఏపిచ్చినాడు. గవర్నమెంటు సారే ఒప్పుకున్యాడని ఊరంతా చెప్పినాడు."

రంగప్ప తలెత్తలేదు. "నూనె తక్కువైనట్టుండాది సార్."

నా సైన్సును ఆయన కాదనలేదు. తీసుకెళ్లి పూజలో పెట్టుకున్నాడు. మూఢనమ్మకం మీద నాకు ఇప్పటికీ అంతే కోపం. కానీ చేనులో నిలబడినప్పుడు మాత్రం రెండే మాటలు చెప్తాను: "ఇక్కడ పగుళ్లు లేవు. ఎద్దులు అమ్ముకోవద్దు."

ఆ రోజు శని చందమామ దాకా పోయాను గానీ, ఆ రెండో మాట అనలేదు.