ముందుకెళ్లమని కేకేసినవాడు

మావాడు రాష్ట్ర హాకీ జట్టుకు ఎంపికయ్యాడండీ! ఈ ముసలి గుండె పట్టలేనంత సంతోషం. కానీ ఆ కబురు వచ్చేసరికి వాడి జోడీ లారీ గుద్ది పోయి తొమ్మిది రోజులు. గోలు ముందు కాపు కాసే ఇద్దరిలో ఒకడు మావాడు, రెండోవాడు ఆ కుర్రాడు. అందుకే ఇంత సంతోషంలోనూ ఒళ్లు మండిపోతోంది.

ఇద్దరూ కలిసి ఆడుతుండగా ఎంపిక చేయడానికి వచ్చినవాళ్లకు బంతి లాక్కున్నవాడు కనిపించాడు. లాక్కునే ధైర్యమిచ్చినవాడు కనిపించలేదు. వాళ్లనేం తిట్టను? నా కళ్లూ అలాంటివే.

నిరుడు అమలాపురం పోటీల్లో, ఆ కుర్రాడు ఊరికే నిలబడుతున్నాడని సగం ఆటయ్యాక డ్రిల్లు మాస్టారితో గొడవపడ్డాను. "ఆ దిష్టిబొమ్మని తీసెయ్యండి మాస్టారూ! మావోడొక్కడే చస్తన్నాడు!"

నా నోటికి జడిసి ఆయన మార్చేశారు. ఆ తర్వాత మావాడు బంతి మీదికి వెళ్లబోవడం, వెనక్కి చూసి ఆగిపోవడం. వరసగా మూడు గోల్సు పడ్డాయి.

ఆటయ్యాక మంచినీళ్లు తెచ్చిచ్చింది ఆ కుర్రాడే. "మీవోడు ముందుకెళ్తే ఎనకాల ఖాళీ నాదండి బాబాయ్‌గారూ. 'నేనున్నాను, ఎల్లరా' అని అరుత్తాను. అది ఇనపడకపోతే ఆడికి కాలాడదండి."

నలభై ఏళ్లు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసినవాణ్ణి. కింద జనాన్ని తప్పించి "వెయ్యి" అని ఒకడు కేకేస్తేనే గెల నరికేవాణ్ణి. అలాంటి నాకు ఆ మాత్రం తెలియలేదు!

"దిష్టిబొమ్మన్నాను, తప్పయిపోయిందిరా" అన్నాను.

"ఆయ్, చేనుకి కాపలా అదే కదండీ" అని నవ్వేశాడు. ఒక్క మాట తిరిగి అన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు మావాడు వెళ్లనంటున్నాడు. "ఎనకాల ఎవడున్నాడు నాన్నా?"

"ఇంత కాలం ఆడు కాసింది నువ్వు ఇంట్లో కూచోడానికేంట్రా ఎదవా!" అని అరిచాను. వాడు కర్ర పట్టుకుని పెరట్లోకి పోయాడు. బంతిని గోడకు కొట్టి, రెండడుగులు ముందుకేసి, వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

కబురు చెప్పాల్సినవాళ్లున్నారు. రాజోలులో మా అక్కగారు. కొత్తపేట బావమరిది. అంతర్వేదిలో పెద్దమ్మాయి. మస్కట్‌లో చిన్నల్లుడు. వీళ్లందరికంటే ముందు ఆ కుర్రాడి తల్లి. ఆవిడకు ఫోను చేయను, మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తాను. వాడు వెళ్లాలో మానాలో ఆవిడే చెప్పాలి.