ఎవరి ఎడమ

గుంటూరు ఆటోనగర్‌లో మా షెడ్డు. అందులో ఒక లేతు మిషను, ఒక పాత మిల్లింగ్ మిషను ఉండేవి. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు అన్నం క్యారేజీ ఇచ్చి వచ్చేసేదాన్ని. తర్వాత్తర్వాత డయల్ చూడటానికి కూడా ఆగడం అలవాటైంది.

అరిగిపోయిన రంధ్రాన్ని మళ్ళీ బోరు చేయాలంటే ముందు దాని సెంటరు పట్టుకోవాలి. మిషనుకు వెంట్రుకవాసి తేడా కూడా చూపించే డయల్ బిగించి, దాని సన్నటి ముల్లును రంధ్రం మూతి దగ్గర అరగని అంచుకు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతారు. చుట్టూ తిరిగినా డయల్ మీది సూది కదలకపోతే సెంటరు దొరికినట్టే. తిరిగేకొద్దీ డయల్ మొహం అవతలికి పోతుంది, హ్యాండిల్ దగ్గరున్న మనిషికి అంకెలు కనపడవు. అందుకని నేను ఎదురుగా వంగి చదివి చెప్పేదాన్ని.

తొంభైల చివర్లో ఒక పత్తి సీజన్లో, పొన్నూరులో మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. వెళ్ళొస్తానన్నాను.

"నువ్వెళ్తే డయల్ ఎవరు చూస్తారు?" అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండింది. ఆపైన ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడే ప్రత్తిపాడు వైపు జిన్నింగు మిల్లు ఫిట్టరు ఒకాయన రంధ్రం అరిగిపోయిన బేరింగు హౌసింగు, అంటే బేరింగు కూర్చునే ఇనప గూడు, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. "మిల్లు ఆగిపోయిందండీ, పత్తి బళ్ళు బయటే ఉన్నాయి," అంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

మా ఆయన హౌసింగును మిల్లింగ్ మిషను టేబులు మీద బిగించి నా వైపు చూశారు. వెళ్ళి నిలబడ్డాను. మామూలుగా "మీ కుడి చేతి వైపండీ" అనేదాన్ని. ఆ రోజు "మీ" అన్న మాట కూడా నోట్లోంచి రాకూడదని పంతం.

"ఎడమ. పది ఎక్కువ," అన్నాను.

ఆయన టేబులు జరిపి మళ్ళీ తిప్పారు. తేడా ఇంకా పెరిగింది. మరోసారి జరిపితే మరీ పెరిగింది.

"సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నా. ఎడమే."

ఆయన హ్యాండిల్ వదిలేసి తలెత్తారు. "ఎవరి ఎడమ?"

ఫిట్టరు పకపకా నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. "నా ఎడమండీ బాబూ, మీ కుడి," అన్నాను.

ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. సూది నిలబడింది. సాయంత్రానికి బోరు చేసి, రింగులాంటి కొత్త బుష్ దిగ్గొట్టి, బేరింగు పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది. ఫిట్టరు దాన్ని బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆయన కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ, "ఆదివారం షెడ్డు మూసేద్దాం. ఇద్దరం పొన్నూరు పోదాం," అన్నారు.

"నేను వారం రోజులుండి వస్తాను."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, "సరే, ఉండు," అన్నారు.

పొన్నూరులో చెల్లెలు పాపను అందించబోతే, గోళ్ళల్లో గ్రీజు పోలేదని ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. చెల్లెలు ఊరుకోలేదు. ఆయన ఒళ్ళో తువ్వాలు పరిచి పాపను పడుకోబెట్టింది. బస్సుకు టైమయ్యేదాకా ఆయన అలాగే కదలకుండా కూర్చున్నారు.