పేరు అడిగిన డైరెక్టరు

ఆ డైరెక్టరు ఎవరితో మాట్లాడినా ముందు భుజమ్మీద చెయ్యేసేవాడు. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతాది.

ఆలూరు దగ్గర షూటింగులో నటులకు మా యాస నేర్పే పని నాది. తల్లి వేషం కట్టినామెది మా ఊరే. "పాపం, ఆమెకు ఇంట్లో ఏమైనా కష్టముందా అన్నా?" అని ఆయన మెత్తగా అడిగితే, ఆమె చచ్చిపోయిన కూతురి సంగతి చెప్పేసినా. పేరేమని అడిగితే అదీ చెప్పినా.

మర్నాడు బిడ్డ శవం మీద పడి తల్లి ఏడ్చే సీను. కెమెరా తిరుగుతాంటే ఆ డైరెక్టరు వెనకనుంచి ఆమె కూతురి పేరు పెట్టి అరిచినాడు. ఆమె కుప్పకూలి గుండెలు బాదుకునింది.

"ఆపు సార్!" అన్నా.

"ఏడవనీ, బాగా వస్తోంది," అని నవ్వినాడు దుర్మార్గుడు. వాని పళ్లు రాలగొట్టాలనిపించింది.

ఆమె లేచి వాని దిక్కు చూడను కూడా చూడలేదు. నేరుగా నా దగ్గరికొచ్చింది.

"నిన్ను నమ్మి చెప్పుకున్నా కదప్పా," అనింది.