అచ్చు నెత్తిన గీత

కొత్త పుస్తకం జిగురు వాసన తగిలితే నేను ఇప్పటికీ దాన్ని దూరంగా పెట్టేస్తాను. "రష్యన్ మాస్టారు అదృష్టవంతులు, బతికుండగానే తన నిఘంటువును అచ్చులో చూసుకున్నారు" అని విజయనగరంలో ఏ సభకు వెళ్లినా ఎవరో ఒకరు అంటారు. అదృష్టమట! చూసుకోబట్టే కదా ఆయన రష్యన్ పలకడం మానేశారు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మాస్టారు ఉద్యోగమంతా ఉక్కు కర్మాగారంలో రష్యన్ ఇంజనీర్లకూ పనివాళ్లకూ దుబాసీ. రిటైరై శృంగవరపుకోట వచ్చాక రష్యన్-తెలుగు నిఘంటువు మొదలుపెట్టి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. రష్యన్ మాటలో ఏ అచ్చును ఊని పలకాలో దాని నెత్తిన ఏటవాలు గీత పెట్టి చూపిస్తారు. му́ка ('మూక') అని ముందు ఊనితే యాతన. мука́ ('ముకా') అని చివర ఊనితే పిండి. రష్యావాళ్లు రోజువారీ రాతలో గీత పెట్టరు. అందుకే కీబోర్డులో దానికి మీట లేదు.

"ఇంగ్లీషు a మీద గీతతో á తయారుగా ఉంది కదా మాస్టారూ. చూడ్డానికి ఒకటే. అదే అతికిస్తే పోదా?" అని వాదించాను.

"సూడ్డానికి ఒకటేనే. కంప్యూటరుకి కళ్లున్నాయేటి? దానికి నెంబరే తెలుస్తాది. ఏదీ, ఇప్పుడా మాట ఎతుకు."

అతికించి, రష్యన్ అక్షరాల్లో కొట్టి వెతికాను. తెర మీద ఎదురుగా ఉన్న మాటే దొరకలేదంది కంప్యూటరు.

"సూసినావా? మనోడి సొక్కా ఏసుకున్న పరాయోడది. ఒసే, గుణింతం మర్సిపోనావా? క రాసినాకే కదా గుడి ఎడతావు. ఇదీ అంతే. అచ్చరం ముందు, గీత ఎనకాల."

అచ్చు కొట్టి, ఆ గీత నెంబరు 0301 కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే గీత వెళ్లి నెత్తిన కూర్చుంటుంది. కంప్యూటరుకు రెండు సంకేతాలు, మన కంటికి ఒక్క అక్షరం. ఏళ్ల తరబడి అలా పెట్టాం. ఏ నిఘంటువులోనైనా దొరికే మాటల గురించి కాదు నా ఏడుపు. క్రేను నడిపే రష్యన్లూ కొలిమి దగ్గరి రష్యన్లూ అన్న పనిమాటల పలుకు మాస్టారి చెవిలో తప్ప ఎక్కడుంది?

శ్రీకాకుళంలో ప్రెస్సున్న మా బావ ఖర్చు తనదేనని ఫైలు పట్టుకెళ్లాడు. అక్కడి పాత ఫాంటులో ఆ గీతకు చోటు లేదు. ప్రతి గీతా పక్కకు జారి చిన్న డబ్బాగా మారింది.

"పేజీ నిండా ఈగ రెట్టల్నాగ ఉంటే ఒక్క నొక్కుతో ఊడ్సీసినాను. ఒక్క మాట పోనేదు కదే! ఏటా గోల?" అన్నాడు.

"మాట పోలేదు బావా. నోరు పోయింది" అన్నాను.

అప్పటికే, 'సరిసేసినాను' అన్న బావను నమ్మి, మాస్టారు ఆ ఫైలునే తన కంప్యూటర్లో పాతదాని మీద ఎక్కించుకున్నారు. గీతలున్న కాపీ మరెక్కడా లేదు.

పుస్తకం వచ్చిన రోజు మాస్టారు రెండు పేజీలు తిప్పి మూసేశారు.

"మళ్లీ పెడదాం మాస్టారూ. మీరు పలకండి, నేను కొడతాను."

"ఏటి పలకమంతావే... ఆళ్ల గొంతుకలు నాకిప్పుడు ఇనబడ్డం నేదు."

ఆయన పోయాక ఒక్కదాన్నే పెడుతున్నాను. తెలిసిన మాటలకు వేళ్లు వాటంతట అవే వెళతాయి. నిన్న కొలిమివాళ్ల మాట ఒకటి తగిలింది. నాలుగు అచ్చులు. ఒక్కోదాని మీదా గీత పెట్టి పైకి చదివాను. నాలుగూ నిజంలాగే వినిపించాయి.

వాళ్లు పలికింది ఏది మాస్టారూ?