గత్తరలో పోయిన అయిదుగురు

మా ఊరి బడి పంతులుగారు పోయారని మంగళవారం నాడు కోదాడ నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. అక్కడ కూతురింట్లో ఉండగా జ్వరం తగిలి రెండు రోజుల్లోనే అయిపోయిందట. అతని ఎడ్లకు నీళ్లు పెట్టాను.

ఆయనది మిర్యాలగూడ వైపు. మా ఇంటికీ బడికీ మధ్య ఒకటే గోడ. నేను బడికి పోయినవాణ్ని కాదు, ఆ గోడకు ఇవతల కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. గుణింతాలు చెప్పే రోజున గొంతు కొంచెం పెంచేవారు.

చరిత్ర మాత్రం ఆయన పుస్తకంలో ఉన్నట్టు చెప్పేవారు కాదు. రాజుల పేర్లు గబగబా వల్లెవేయించి, "గిది పరీచ్చకు. ఇగ అసలుది జెప్పుండ్రి" అనేవారు. శనివారం శనివారం ఒక్కొక్కరు లేచి తమ ఇంటి ముచ్చట చెప్పాలి. ఆయన ఒక లావుపాటి బుక్కులో ఇంటికో పేజీ చొప్పున రాసుకునేవారు. ఒకడు లేచి, "మా తాత ఎద్దును కొనబోయి మా అవ్వను దెచ్చుకున్నడు" అంటే బడి బడంతా నవ్వింది. ఆయన నవ్వకుండా, "మరి ఎద్దు సంగతేమాయెరా?" అని అడిగి అదీ రాశారు. "ఉన్నదున్నట్టు జెప్పాలె బిడ్డా, అదే చరిత్ర" అన్నది ఆయన మాట.

ఆ మాటే మీదికి తెచ్చింది. ఊళ్లో అయిదుగురు నైజాం మీద కొట్లాడే సంఘంలో కలిసి అడవికి పోయారు. నా తమ్ముడు అందులో ఒకడు. ఏడేళ్ల నా బిడ్డ శనివారం నాడు లేచి, "మా చిన్నాయిన గుట్టలల్ల ఉంటడు" అని చెప్పింది. ఆయన అలవాటు కొద్దీ రాశారు. మిగతా నాలుగిళ్ల పిల్లలు చెప్పిందీ అంతే.

నైజాం పోలీసులు మా ఊరి పక్కనే క్యాంపు వేశారు. సూర్యాపేటకు పోవాలన్నా చీటీ కావాలి. ఆ బుక్కు సంగతి ఎవరు చెప్పారో, నాలుగు రోజుల్లో తెచ్చి చూపించమని ఆ పోలీసుల అమీన్ కబురు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే పంతులుగారు బుక్కు పంచెలో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"కాలబెడుదాం పంతులూ" అన్నాను.

"కాలబెడితే ఏదో ఉన్నట్టే గద తమ్మీ. కొత్తది రాద్దాం."

"ఊరు ఇడిసి పోయిండ్రని రాద్దామా?"

"ఏడికి పోయిండ్రు అంటరు. సచ్చినోన్ని ఎవ్వలు ఎతుకరు."

తలుపు వేసుకుని మూడు రోజులు రాశాం. ఆయన చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. అయిదుగురూ గత్తర తగిలి, అంటే కలరా వచ్చి, చచ్చిపోయారని రాశాం. తమ్ముడి పేజీ దగ్గర నా చెయ్యి సాగలేదు. ఆయన కలం తీసుకుని తానే రాశారు.

బుక్కు మారింది గాని పిల్లలు మారాలి కదా. గోడకు ఇవతల నుంచి విన్నాను.

"మీ చిన్నాయిన ఏమైండు?"

"మొన్ననే వొచ్చిండు పంతులూ. గుడాలు దిన్నడు."

"కాదు బిడ్డా. గత్తరొచ్చి సచ్చిపోయిండు. అను."

"ఉన్నదున్నట్టు జెప్పమంటివి గద!"

ఆయన మళ్లీ, "అను బిడ్డా" అన్నారు. అది ఏడుస్తూ అంది. ఏడుపు లేకుండా అనేదాకా అనిపించారు. ఆ రోజు పంతులుగారికి నేను పంపిన అన్నం అట్లాగే తిరిగి వచ్చింది.

అమీన్ బడికే వచ్చాడు. బుక్కు తిరగేసి ఆ అయిదుగురు పిల్లలనూ నిలబెట్టి అడిగాడు. ఎక్కం అప్పజెప్పినట్టు అందరూ ఒకటే చెప్పారు. "క్యా పంతులూ, ఊరంత గత్తరేనా?" అని నవ్వి, బుక్కు పట్టుకుని పోయాడు. మేము బతికాం. కానీ ఆ తర్వాత శనివారాలు గోడ అవతల చప్పుడు లేదు.

నైజాం రాజ్యం పోయాక నలుగురు తిరిగి వచ్చారు. తమ్ముణ్ని చూసి, చచ్చినవాడు వచ్చాడని భయపడి నా బిడ్డ వడ్ల గుమ్మి వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. పంతులుగారు వచ్చి దాని ముందు నేల మీద కూర్చున్నారు. "నేను అబద్ధం జెప్పిచ్చిన బిడ్డా. నువ్వు మొదలు జెప్పిందే నిజం" అన్నారు. అంత పెద్దమనిషి అట్లా అనడం నేను ఎక్కడా చూడలేదు. నన్ను వెంటబెట్టుకుని మిగతా మూడిళ్లకూ పోయి అదే మాట చెప్పారు.

అయిదో ఇంటికి పోవద్దన్నాను. ఆ ఇంటి మనిషి రాలేదు, ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. ఆయన వినలేదు. అరుగు మీద ఆ ఇంటి పిల్ల చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"అందరియి అబద్ధాలంట గద పంతులూ. మా నాయినది గూడ అబద్ధమేనా?"

లోపల దంపుతున్న రోకలి చప్పుడు ఆగింది. ఆ పిల్ల తల్లి వాకిట్లోకి వచ్చి, రోకలి చేతిలోనే పట్టుకుని నిలబడింది. పంతులుగారు దర్వాజా మీద చెయ్యి వేశారు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు.