సుబ్బారాయుడుగారి ‘ఆయ్’

2003. అమలాపురంలో ఒక నరాల డాక్టరుగారి క్లినిక్ పక్కగదిలో నేను స్పీచ్ థెరపిస్టుని, అంటే మాట సరిచేసేదాన్ని. నా దగ్గరికి నత్తి పిల్లలే ఎక్కువగా వచ్చేవారు. కొత్తపేట కొబ్బరి రైతు సుబ్బారాయుడుగారి సంగతి తలచుకుంటే మాత్రం ఇప్పటికీ హుషారొస్తుంది!

ఆయనకి పార్కిన్సన్స్. చెయ్యి వణుకు సంగతి అందరికీ తెలిసిందే. భార్య సత్యవతిగారి గోల అది కాదు.

"రాజోలు నుంచి మా అమ్మాయిని చూసుకోడానికొచ్చేరండీ. పెళ్ళికొడుకు నాన్నగారు ఏం మాట్లాడినా ఈయన ఆయ్ అనలేదండీ. మొహంలో నవ్వు లేదు. ఇష్టం లేదు కాబోలనుకుని, కాఫీ అయినా తాగకుండా లేచి వెళ్ళిపోయేరండీ. మా పిల్లకేమో ఆ అబ్బాయి తెగ నచ్చేడు!"

మా వైపు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ‘అవునండీ’ అన్నట్టు ఆయ్ అనకపోతే మొహం మీద తలుపేసినట్టే.

"అన్నానండి," అన్నారాయన గాలిలా. "ఈవిడకే చెవుడండి."

నాకు నవ్వాగలేదు. కానీ ఆయన అబద్ధమాడలేదు. ఈ జబ్బులో గొంతు తగ్గిపోతుంది, హైపోఫోనియా అంటాం. తగ్గినట్టు మనిషికి తెలియదు. మొహం కండరాలు బిగుసుకుని నవ్వు పైకి రాదు, అది మాస్క్‌డ్ ఫేస్. జవాబు కూడా ఆలస్యంగా వస్తుంది. ఆయన మాట టేపులో పట్టి వినిపిస్తే నా ప్రశ్నలూ ఫ్యాను చప్పుడూ మాత్రమే వినపడ్డాయి. పాపం, బిత్తరపోయారు.

"అయితే వాళ్ళకి నేనన్నదేదీ వినపడలేదాండి?"

గొంతు పెంచే అభ్యాసం ఊపిరి నిండా తీసుకుని "ఆ" అని సాగదీయడంతో మొదలవుతుంది. నేను ఏకంగా "ఆయ్" ఇచ్చాను. తోట అవతలి గట్టుకి వినపడాలన్నాను. కొన్నాళ్ళకి బయట బెంచీ మీది పేషెంట్లు ఉలిక్కిపడడం మొదలెట్టారు!

పెళ్ళివారిని మళ్ళీ పిలిచి, జబ్బు సంగతి చెప్పేయమన్నాను. సత్యవతిగారు హడలిపోయారు. "చెబితే సంబంధం పోద్దండీ!"

"చెప్పకపోయినా పోయింది కదండీ," అన్నాను.

నన్నూ రమ్మన్నారు. వంటింటి గుమ్మంలో పెళ్ళికూతురి పక్కన నిలబడ్డాను. ఆయన ఊపిరి తీసుకున్నారు.

"నాకు జబ్బండి. మొహం నవ్వదండి. ఆవేళ లోపల నవ్వుతూనే ఉన్నానండి."

పెళ్ళికొడుకు తండ్రి కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నారు. "మరైతే ముహూర్తం పెట్టించమంటారా, బావగారూ?"

జవాబు లేదు. ఈసారి ఆ పెద్దమనిషి లేవలేదు, ఆగారు.

"ఆయ్!"

పెరట్లో కాయలు వలిచేవాళ్ళు తలెత్తి చూశారు. ఆయన మొహం అలాగే బిగుసుకుని ఉంది. పెళ్ళికూతురు నా చెయ్యి నలిపేసింది. ఆ రోజు నుంచి ఎవరి మొహం చూసీ వాళ్ళ మనసు తేల్చేయను. అడిగి, జవాబొచ్చేదాకా ఆగుతాను.